సుబ్బన్న మేస్త్రీ గోడలు

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మామిడికాయల బండ్లు వేలూరు దారిన బారులు కట్టి నడిచే కాలంలో, చిత్తూరు బజారులో ఉన్న పెరుమాళ్ళ సత్రం నిలవాలా కూలాలా అన్న మాట తేల్చవలసి వచ్చింది.

సత్రం పాతది. అరవదేశం నుంచి తిరుమలకు నడిచిపోయేవాళ్ళు ఒక పూట నడుం వాల్చడానికి కట్టింది. వీధి పొడుగునా అరుగు. అరుగు వెనక రెండు మూరల మందాన గోడ. లోపల నడవ, నాలుగు పక్కలా గదులు, నడిమధ్య బావి. బస్సులు వచ్చాక నడిచేవాళ్ళు తగ్గిపోయారు. కొండ మీద బ్రహ్మోత్సవాలు జరిగే పెరటాసి నెలలో మాత్రం పసుపు గుడ్డలు కట్టుకుని, గోవిందలు పెట్టుకుంటూ ఇంకా వస్తారు. వాళ్ళకు మజ్జిగ పొయ్యడానికి పెరుందేవమ్మ ఉంది. ఆమె మొగుడు సత్రం చూసుకునేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా ఆమె వెనక గదిలోనే ఉంటూ, ఊడ్చి ముగ్గేసి దీపం పెడుతూ వచ్చింది.

చుట్టూ ఊరు మారిపోయింది. ఒక పక్క సైకిళ్ళ అంగడి వచ్చింది. ఎదురుగా గుడ్డల కొట్టు మూడంతస్తులు లేచింది. నడిబజారులో అంత జాగాను కుక్కలు పడుకోవడానికి వదిలేశారని జనం సత్రం కమిటీని దెప్పిపొడుస్తూ ఉన్నారు. కమిటీ పెద్ద ముకుందం. బడిపంతులుగా చేసి దిగినవాడు, గుడి కైంకర్యం చేసే ఇంటివాడు. ఆయనకు సత్రం నిలవాలని. కమిటీలో ఇంకొకడు రామచంద్ర, బెల్లం మండీ ఆసామి. కూల్చి ఎదుటివాని మాదిరి మూడంతస్తులు లేపాలని ఆయన పట్టు.

పిలిపించిన ఇంజనీరు కుర్రవాడైనా మంచివాడు. రెండు రోజులు తిరిగి చూసి ఒక దారి చెప్పాడు.

"కూల్చకుండా వాడుకోవచ్చు. వీధి గోడలో ఆరు వాకిళ్ళు తెరిస్తే ఆరు అంగళ్ళు. పైన ఒక అంతస్తు లేపితే పన్నెండు గదుల లాడ్జి. అరుగు, నడవ, బావి ఉన్నట్టే ఉంటాయి. కానీ గోడలు నడుమ దాకా సున్నపు కట్టడమై ఉండాలి. లోపల మన్ను ఉంటే వాకిళ్ళు తెరవలేం, పైన బరువు పెట్టలేం. అప్పుడు కూల్చేదే దారి. ఒక చోట బొక్క పెట్టి చూస్తే తెలిసిపోతుంది."

"బొక్కెందుకు? వెంకటమునిని పిలిపిస్తాను" అన్నాడు ముకుందం.

వెంకటముని గచ్చు మేస్త్రీ. డెబ్బై అయిదేళ్ళవాడు. సిమెంటు వచ్చాక ఆయన పని పడిపోయింది గానీ మాట పడిపోలేదు. తాపీ పిడితో గోడను తట్టి, చెవి ఆనించి, ఇది సున్నం, ఇది మన్ను, ఇది ఇటుకపెంకుల బొంత అని చెప్పేవాడు. పాత ఇల్లు కొనేవాళ్ళు ముందు వెంకటమునిని పిలిచి, ఆ తర్వాతే బయానా ఇచ్చేవాళ్ళు. పది మాటలు అడిగితే ఒక మాట చెబుతాడు. ఆ ఒక్కటీ తప్పదని ఊరంతా అనేది.

ఆయన వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"తట్టి చూడు వెంకటమునీ" అన్నాడు ముకుందం.

ఆయన తాపీ తియ్యలేదు. "మా నాయన గోడ సామీ" అన్నాడు.

"అందుకేగా నిన్ను పిలిచింది."

"అందుకే తట్టను."

ఇంజనీరు నవ్వాడు. ముకుందం నవ్వలేదు. ఆ మేస్త్రీల కట్టుబాటు ఆయనకు తెలుసు. పని నేర్పినవాని గోడను శిష్యుడు తట్టి చూడడు. తట్టడమంటే నమ్మలేదని అర్థం. నేర్పినవాడు కన్న తండ్రే అయితే ఇంక చెప్పేదేముంది?

"సుబ్బన్న మేస్త్రీ గోడలివి. ఈ మూల నుంచి ఆ మూల దాకా గానుగ సున్నం. బొక్క పెట్టే పన్లేదు. పైన ఒకటి గాదు, రెండు లేపుకోండి" అన్నాడు వెంకటముని. ఆయన ఒక్క తడవ అన్ని మాటలు మాట్లాడడం ముకుందం అంతకు ముందు వినలేదు.

రామచంద్ర తొడ చరిచాడు. "బాగుండాదప్పా! ముసిలోని మాట మీద ముసిలి గోడ, దాని మీద కొత్త మిద్దె. రేపు కూలితే ఎవురు జవాబు చెప్పేది? ఈయన నాయన లేచొస్తాడా?"

"నేను జవాబు చెబుతాను" అన్నాడు ముకుందం. కాగితం తెప్పించి, గోడలు సున్నపువే, బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టాడు. దాని కింద వెంకటముని మూడో తరగతి అక్షరాలతో తన పేరు రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది.

పెరుందేవమ్మ లోపలి నుంచి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. "నీ కడుపు చల్లగుండ! ఈడి నుంచి నన్ను లేపకుండా చేసినావు" అంది.

నెల తిరక్కుండా పని మొదలైంది. మొదటి వాకిలి తానే తెరుస్తానని వెంకటముని పట్టుబట్టాడు. పరాయివాడెవడో వచ్చి నాయన గోడ మీద గడ్డపార వెయ్యడం ఆయనకు ఇష్టం లేదు. పొద్దున్నే వచ్చి, గోడకు పసుపు పూసి, టెంకాయ కొట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. మట్టి ఎత్తడానికి కుప్పమ్మ అనే కూలామె ఒకతే ఉంది. యాభై ఏళ్ళది, నోరు మంచిదే గానీ మూతపడదు.

"ఏం మామా, గోడకు దణ్ణం పెడతా ఉండావు, పెండ్లాన్ని యేనాడన్నా ఇంత బాగా సూసుకున్నావా?"

"అది సున్నంతో కట్టినది గాదులే" అన్నాడు వెంకటముని. ఆ పొద్దు ఆయన సంతోషంగా ఉన్నాడు. అడక్కుండానే ఇంకో మాట కూడా చెప్పాడు. "ఈ గోడలు నాయన ఎత్తినాడు. పైన మిద్దె, ఆ గచ్చు కప్పు, నాది. ఇరవై ఏండ్లు నాకు అప్పుడు. ముప్పై మంది ఆడోళ్ళు పదిరోజులు కొయ్యపలకలతో కొట్టినారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు సల్లతా నేను ఎనక నడిచినా."

"పదిరోజులు ముప్పై మంది ఆడోళ్ళ ఎనక! మంచి పనే దొరికింది నీకు."

ఆయన ఉలి ఆనించి సుత్తి వేశాడు. పైపూత రాయి మాదిరి ఉంది. ఉలి జారిపోయింది. ఆయన ముఖం వెలిగింది. పూత ఊడాక ఇటుక వచ్చింది. ఒక వరస తీశాడు. దాని వెనక ఇంకో వరస. అది తీశాక ఉలి మెత్తగా దిగబడింది.

లాగి చూశాడు. ఉలి కొసన ఎర్రమన్ను.

చేత్తో తవ్వాడు. మన్ను, గడ్డిపోచలు, గులకరాళ్ళు. మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి పోయింది. అవతలి పక్క ఇటుక వేళ్ళకు తగిలింది. ఇటుపక్క జానెడు, అటుపక్క జానెడు సున్నపు తొడుగు. నడుమంతా మన్నే.

కుప్పమ్మ గంప దించి చూసింది. "ఏం మామా, ఇది మన్ను గదా?"

ఆయన ఇంకో పిడికెడు తీసి వేళ్ళతో నలిపాడు.

"ఈ ఒక్క తావునే అట్లుంటాదేమో" అంది ఆమె, గొంతు తగ్గించి.

వెంకటముని లేచాడు. ముంగిట్లో నిలబడి చేతులు కడుక్కున్నాడు. సంచిలో నుంచి తాపీ తీశాడు. వీధి గోడ మూల దగ్గరికి పోయి, చెవి ఆనించి, పిడితో ఒక్క దెబ్బ వేశాడు. ఇంకో నాలుగడుగులు. ఇంకో దెబ్బ. అట్లా వీధి గోడంతా అయ్యాక లోపలికి పోయాడు. గదుల గోడలు, నడవ గోడ, వంటింటి గోడ అన్నీ తట్టాడు. యాభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గోడలు తట్టిన చెవి అది. దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతి గోడా ఒకే మాట చెప్పింది.

పెరుందేవమ్మ వంటింట్లో నుంచి, "ఏమిటప్పా తడతా ఉండావు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. బొద్దింకలు" అన్నాడు.

మళ్ళీ బయటికి వచ్చేసరికి కుప్పమ్మ మన్నంతా ఒక చోట కుప్ప చేసి మీద గోనె కప్పింది.

"మామా, పూడ్సేద్దాం. రెండు తట్టల సిమెంటు పోస్తే సాలు. ఎవురికి తెలుస్తాది? నేనైతే సెప్పను. నా నోరు సంగతి నాకు తెలుసు గానీ, దీన్ని మాత్రం సెప్పను."

"పైన పన్నెండు గదులు కుప్పమ్మా. పిల్లా జెల్లా పండుకుంటారు."

"యాభై ఏండ్లు నిలిచింది గదా?"

"మిద్దె మోసింది. ఇంకో ఇల్లు మొయ్యదు."

అని ఇంటికి పోయాడు. మధ్యాహ్నం అన్నం పెట్టుకుని కూర్చుని తినలేకపోయాడు. ఆయన ఇల్లు ఆ వీధిలో ఒకప్పుడు ఒక్కటే గచ్చు ఇల్లు. మిగతావన్నీ కొట్టాలు. కూలి చేసుకునే మేస్త్రీకి గచ్చు ఇల్లెట్లా వచ్చిందని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే, సత్రం కట్టించిన ధర్మకర్త మిగిలిన సున్నం మెచ్చి ఇచ్చినాడని సుబ్బన్న చెప్పేవాడు. వెంకటముని తన పెళ్ళిలో ఆ మాట చెప్పుకున్నాడు. బిడ్డలకు చెప్పాడు. ఇప్పుడు కంచం పక్కన నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. అద్దం మాదిరి నున్నగా, చల్లగా ఉంది. ఈ నేల పరిచిన ఏడాదే ఆ గోడలు లేచాయి. ఒక పక్క గోడలు లేస్తూ ఉంటే, ముందు లేచిన పక్క మిద్దె మీద నుంచి, సత్రానికని వచ్చిన సున్నపు బండ్లు తాను చూసేవాడు. సాయంత్రం కొన్ని బండ్లు దించకుండానే తిరిగిపోయేవి. సున్నం బాగలేదు, తిప్పి పంపినా అనేవాడు నాయన. నాయన ఎంత నికార్సయిన మనిషో అని అప్పుడు తాను పొంగిపోయాడు.

ఆ నాయన పేరుతోనే తాను బతికాడు. సుబ్బన్న కొడుకంటే చాలు, ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు. చిన్నప్పుడు ఒక రోజు గానుగలో సున్నం తక్కువ తిప్పినందుకు నాయన తనను బడితెతో కొట్టాడు. "గోడ అబద్ధం సెప్పకూడదురా" అని కొట్టాడు. ఆ దెబ్బలు ఆయనకు ఇప్పటికీ గుర్తే.

కంచంలో చెయ్యి కడిగి లేచాడు.

ముకుందం ఇంట్లో అప్పుడు రామచంద్ర కూడా ఉన్నాడు. అంగళ్ళ సంగతి మాట్లాడుకుంటున్నారు. వెంకటముని వాకిట్లోనే నిలబడ్డాడు.

"సామీ, పని నిలపండి. గోడల్లో మన్నుండాది."

ముకుందం చేతిలో ఉన్న కాగితం కిందికి దించాడు. "ఏ గోడలో?"

"అన్నిట్లో."

వీధిలో సోడా బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"సుబ్బన్న మేస్త్రీ మన్ను పెట్టినాడా?" అన్నాడు ముకుందం. అడగడం కూడా ఆయనకు కష్టంగా ఉంది.

వెంకటముని తల ఎత్తలేదు. వాకిట్లో వేసిన ముగ్గు చూస్తూ చెప్పాడు.

"నాయన మిద్దె మీద ఉండినాడు సామీ. గోడలు నాకు ఇడిసిపెట్టినాడు. నేనే పెట్టినా."

"మొన్న మా నాయన గోడలు అంటివే!" అన్నాడు రామచంద్ర.

"మేస్త్రీ ఆయన. పేరు ఆయనది. చెయ్యి నాది."

"సున్నం ఏం చేసినావు?" రామచంద్రే మళ్ళీ అడిగాడు.

"ఇల్లు కట్టుకున్నాం."

"మీ నాయనకు తెలీదా?"

"ధర్మకర్త ఇచ్చినాడని సెప్పినా. నమ్మినాడు."

రామచంద్ర చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అందుకేనా అప్పా తట్టనంటివి! కట్టుబాటు గిట్టుబాటు అని ఏమి నాటకమాడినావు! ఇంజనీరు బొక్క పెడతానంటే అడ్డం పడితివే! దేవుని సొమ్ము తిన్నోడు డెబ్బై అయిదేండ్లు బతకడం సూసినారా అయ్యవారూ!"

వెంకటముని నిలబడే ఉన్నాడు. ఆ మాటలన్నీ పడవలసినవే అన్నట్టు నిలబడ్డాడు. ముకుందం లేచి వాకిట్లోకి వచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఇరవై ఏళ్ళప్పుడు తప్పు చేసినావు. సరే, చేసినావు. కానీ మొన్న నా సంతకం ఎందుకు పెట్టించినావు వెంకటమునీ?"

నిజం చెబితే తప్ప దానికి జవాబు లేదు. రెండు చేతులూ జోడించాడు. ముకుందం లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మరునాడు ఇంజనీరు నాలుగు చోట్ల బొక్కలు పెట్టించి చూశాడు. నాలుగు చోట్లా మన్నే. కూల్చాలని కమిటీలో తేలింది. ముకుందం పెద్దరికం వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. కొత్తగా లేవబోయే మూడంతస్తుల నక్షా రామచంద్ర తెప్పించాడు. అందులో అరుగు లేదు. నడిచివచ్చేవాళ్ళు యాడ కూర్చుంటారని ఎవరో అడిగితే, హోటల్లో కూర్చుంటారులే అన్నాడట.

ఊళ్ళో మాట పాకడానికి ఒక్క పూట చాలింది. వెంకటముని టీ అంగడికి పోతే బల్ల మీద కూర్చున్నవాళ్ళు లేచిపోయేవాళ్ళు కాదు. ఊరికే మాట ఆపేసేవాళ్ళు. అది ఇంకా కష్టం. ఇల్లు కొనేవాళ్ళు ఎవరూ ఆయన కోసం రాలేదు. ఆయన తట్టి బాగుందన్న ఇళ్ళల్లో ఉండేవాళ్ళు కొందరు గోడలకు మళ్ళీ వేరేవాళ్ళ చేత బొక్కలు పెట్టించుకున్నారని తెలిసింది. ఆ గోడలన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. అయినా ఆ సంగతి వచ్చి ఎవరూ చెప్పలేదు.

ఆషాఢం నడుస్తూ ఉండగా, ఆడి నెలలో కూల్చడం మొదలుపెట్టారు. ముందు మిద్దె తియ్యాలి. పన్నెండు మంది గడ్డపారలు పట్టుకుని ఎక్కారు. రెండు రోజుల్లో దించేస్తామన్నవాళ్ళు వారమైనా సగం దించలేకపోయారు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి గానీ పెచ్చు లేచేది కాదు. కూలీలు చేతులు కాయలు కాచి కిందికి దిగి కూర్చునేవాళ్ళు.

"ఏం కట్టినాడురా మహానుభావుడు!" అనేవాళ్ళు. "కొడుకు దొంగనాయాలైనా సుబ్బన్న చెయ్యి చెయ్యే. ఆయన పైనుండి ఇంత నికార్సుగా చేస్తా ఉంటే కింద వీడు మన్ను కూరతా ఉండినాడు సూడు."

వెంకటముని ఎదురుగా గుడ్డల కొట్టు నీడలో నిలబడి వినేవాడు. ఆయనను ఎవరూ పనికి పిలవలేదు, పొమ్మనలేదు. రోజూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా నిలబడేవాడు. ఒక రోజు కుప్పమ్మ గంప దించి ఆయన దగ్గరికి వచ్చింది.

"మామా, ఆ పొద్దు మిద్దె నాదని సెప్పినావు. ఆడోళ్ళ ఎనక నడిచినానని నవ్వినావు గూడా. ఇప్పుడు ఊరంతా ఇంకోలా అంటా ఉండారే?"

"పని సూసుకో పో."

"నువ్వు సెయ్యని దొంగతనం నెత్తికెత్తుకుంటే నీకేమొస్తాది? సచ్చినోడికి పేరు ఉంటే ఏంది, లేకపోతే ఏంది?"

ఆయన మిద్దె వంక చూశాడు. మూల మీద ఒకడు గడ్డపార ఎత్తి వేశాడు. అది గిర్రున తిరిగి చేతిలో నుంచి జారింది.

"నాకు అన్నం పెట్టినాడు. పని నేర్పినాడు. కట్టుబాటు కట్టుబాటే" అని మాత్రం అన్నాడు.

కుప్పమ్మ కళ్ళు తుడుచుకుని గంప ఎత్తుకుంది.

గోడలకు మాత్రం ఎక్కువ సేపు పట్టలేదు. ఒక వాన పడింది. మిద్దె పోయి తొడుగు పైన తెరిచి ఉంది కాబట్టి లోపలి మన్ను నీళ్ళు తాగి, సగం గోడలు తమంత తామే ఒరిగాయి.

వెనక గది ఒక్కటి మిగిలిన రోజు పెరుందేవమ్మ బయలుదేరింది. పాకాలలో ఆమె చెల్లెలి కూతురు పద్మాక్షి ఉంది. అక్కడ ఉండిపొమ్మని కబురు చేసింది. ఒక రేకు పెట్టె, ఒక చాప, మజ్జిగ చిలికే కుండ, అంతే సామాను. తోపుడు బండి వచ్చి వీధిలో నిలబడింది. పెట్టె ఎత్తడానికి కుప్పమ్మ వచ్చింది. ఎదుటి నీడలో నుంచి వెంకటముని కూడా రోడ్డు దాటి వచ్చాడు.

పెరుందేవమ్మ ఆయనను చూసి ముఖం తిప్పుకుంది. కూలిన అరుగు వంక చూసింది. అరుగు రాళ్ళు అప్పటికే ఎవరో బండి మీద వేసుకుపోయారు.

"పెరటాసికి వచ్చేవాళ్ళు ఈడికే వస్తారప్పా. యాభై ఏళ్ళ అలవాటు. వచ్చి సూసి పోతారు" అంది.

వెంకటముని వంగి పెట్టెకు కట్టిన తాడు బిగించాడు.

"మీ నాయన చేసుంటే ఇట్లా అయ్యుండునా వెంకటమునీ?"

"అయ్యుండదమ్మా."

"ఆయన కొట్టించిన మిద్దె సూడు. పన్నెండు మందిని పదిహేనురోజులకు పైగా ఏడిపించింది. మనిషంటే ఆయన. ఆయన కడుపున పుట్టిన బిడ్డవు, నీకెందుకబ్బా రాలేదు ఆ బుద్ధి?"

"రాలేదమ్మా."

కుప్పమ్మ నోరు తెరిచింది.

"ఎత్తు" అన్నాడు వెంకటముని, పెట్టెకు ఒక పక్క చెయ్యి వేసి.